గూటి కింద ఆగని దారులు

హిల్కా మూలారి వెంట అడవికి వెళ్ళాలంటే ముందు ఆవిడ చేత నాలుగు మాటలు పడాలి. పిట్టల్ని చూపించేది ఆ తర్వాతే. ఉత్తరాన మంచుసీమలో మా కూసమో వైపు ఇది అందరికీ తెలిసిన సంగతే. నడుస్తుంటే గరగరలాడే జాకెట్టు వేసుకొచ్చినవాణ్ణి "ఏం నాయనా, చిప్స్ పొట్లం తొడుక్కొచ్చావా?" అని అడుగుతుంది. సెంటు పూసుకొచ్చినవాళ్ళని వ్యానులో వెనక సీట్లో కూర్చోబెట్టి, బయట మైనస్ ఇరవై ఉన్నా సరే, అద్దం దించేస్తుంది. డబ్బిచ్చి మరీ తిట్లు తినడమేమిటని అలిగి వెళ్ళిపోయినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. మిగతావాళ్ళు మాత్రం మరుసటి చలికాలం మళ్ళీ వస్తారు, వస్తూ వస్తూ చుట్టాల్ని కూడా వెంటేసుకొస్తారు.

ఆ నోరు మూతపడే క్షణం కోసమే వస్తారనుకోవాలి. బూడిదరంగు పెద్ద గుడ్లగూబ ఎండిన మోడు మీద కూర్చుని, పళ్ళెమంత మొహాన్ని మెల్లగా తిప్పి, పసుపుపచ్చ కళ్ళతో ఇటు చూసిందంటే హిల్కా నోట్లో తిట్టు నోట్లోనే ఉండిపోతుంది. ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నా అంతే. మంచు అడుగున ఎక్కడో పాకుతున్న ఎలుక అలికిడిని ఆ గుడ్లగూబ చెట్టు మీది నుంచే వింటుంది. చప్పుడనేది లేకుండా వచ్చి, మంచులోకి దూకి, ఎలుకతో లేచిపోతుంది. దూకిన చోట రెక్కలు విప్పారినట్టే, ఈక ఈకా విడిగా, మంచు మీద అచ్చుపడి ఉంటుంది. ఆ అచ్చు ముందు హిల్కా టోపీ తీసేస్తుంది. చెవులు కొయ్యబారే చలిలో కాసేపు అలాగే నిలబడి, "పదండి పదండి, ఇక్కడే వేళ్ళాడితే కాలివేళ్ళు ఊడి చేతికొస్తాయి" అని మళ్ళీ మొదలుపెడుతుంది.

ఆవిడ నాన్న గుర్రంతో దుంగలు లాగించిన అడవి కూలీ. భార్య పోయింది, పెద్దకూతురికి అప్పటికే పెళ్ళయింది. చిన్నపిల్లని ఇంట్లో ఒంటరిగా వదల్లేక కూలీల బసకే తీసుకుపోయేవాడు. అక్కడ మంట చుట్టూ కూర్చుని రొట్టె తుంచితే మొదటి తునక మనిషి నోట్లోకి పోకూడదు, కూక్కెలికి వెయ్యాలి. కూక్కెలి అంటే మైనా కన్నా కొంచెం పెద్ద పిట్ట. ఒళ్ళంతా బూడిదరంగు, తోక మాత్రం తుప్పురంగు. గొడ్డలి చప్పుడు వింటే పారిపోవాల్సింది పోయి ఎదురొస్తుంది. గొడ్డలి ఉన్న చోట మనిషి, మనిషి ఉన్న చోట మంట, మంట దగ్గర తిండి అని దానికి తెలుసు. "ఈ అడవిలో పోయిన పాతకాపుల ప్రాణాలే ఇవి, మర్యాదగా ఉండు" అనేవాడు నాన్న. హిల్కాకి మర్యాద అనేది ఎక్కడైనా మిగిలిందంటే అది కూక్కెలి దగ్గరే.

అలాంటి ఇంట్లో పుట్టిన అక్కయ్య కొడుకు రైమో చెట్లు కొట్టే యంత్రం నడుపుతాడు. తాత రంపంతో పొద్దంతా కోసినంత పని, ఆ పచ్చటి యంత్రం కప్పులో కాఫీ చల్లారేలోపు చేసేస్తుంది. మూడు చలికాలాల క్రితం అతను సరస్సు అవతలి అడవి కొట్టేశాడు. హిల్కా ఏళ్ళ తరబడి గుడ్లగూబల్ని చూపించిన అడవి అది. అదే ఏడాది అక్కయ్య పోయింది. సమాధి దగ్గర నుంచి వచ్చి అందరూ కాఫీ తాగుతుంటే హిల్కా ఉండబట్టలేక, "మీ తాత అడవిలో బతికాడు. నువ్వు అడవిని తిని బతుకుతున్నావు" అంది. తల్లిని పూడ్చిపెట్టి వచ్చినవాడితో అనాల్సిన మాటేనా అది? రైమో కప్పు బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఊరికి ఉన్నది ఒకటే దుకాణం. పాల డబ్బాల దగ్గర ఎదురుపడితే పిన్ని పెరుగు కేసి చూస్తుంది, అక్క కొడుకు జున్ను కేసి చూస్తాడు.

ఈ ఏడు మార్చి నెలాఖర్లో హిల్కా నలుగురు అతిథుల్ని తీసుకుని సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్ల అడవిలోకి వెళ్ళింది. నడుం లోతు మంచు, దాని మీద కొత్తగా పడిన మెత్తటి పొర, పైన కళ్ళు చెదిరే ఎండ. మంట వేసి సాసేజ్ కాల్చగానే కూక్కెలి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. అంతదాకా ఖాళీగా ఉన్న కొమ్మ మీద ఉన్నట్టుండి ఉంది, అంతే. అతిథుల్లో వెర్లే అని బెల్జియం నుంచి వచ్చిన టీచరమ్మ చెయ్యి చాచింది. పిట్ట నేరుగా ఆమె వేళ్ళ మీద వాలింది. దానికి బరువే లేదు. మొద్దుబారిన వేళ్ళకి గోళ్ళు మాత్రం సన్నగా తగులుతున్నాయి. అది తలొంచి, నల్లటి కన్నుతో ఆమె మొహాన్ని ఒక్క క్షణం పరీక్షగా చూసి, ముక్క తీసుకుంది. వెర్లే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"ఏడవకమ్మా, రెప్పలు గడ్డకట్టి అతుక్కుపోతాయి," అంది హిల్కా. అంటూనే తన రెప్పలు తొడుగుతో ఒత్తుకుంది.

ఆ సంబరంలో ఒక సంగతి హిల్కా ఒక్కతే గమనించింది. మామూలుగా కూక్కెలి దొరికిన తిండిని ఒక్కో చెట్టు బెరడులో దాచుకుంటుంది, ఒకసారి అటు, ఒకసారి ఇటు ఎగురుతుంది. ఇది మగది, గొంతు నిండా ముక్కలు కుక్కుకుని ప్రతిసారీ ఒకే వైపుకి, సూటిగా, దట్టమైన స్ప్రూస్‌ల్లోకి పోతోంది. అంటే అక్కడ ఆడది కూర్చుని ఉంది. దాని కింద గుడ్లున్నాయి. ఇంకా చెరువులన్నీ రాయిలా గడ్డకట్టి ఉండగా, మిగతా పిట్టల్లో సగం సముద్రాల అవతలే ఉండగా, ఈ పిడికెడు ప్రాణం అప్పుడే గుడ్లు పెట్టేసింది. హిల్కా వెంటనే చెయ్యెత్తి వేరేవైపు చూపిస్తూ, "అదిగో, వడ్రంగిపిట్ట!" అని అరిచింది. పాపం నలుగురూ లేని వడ్రంగిపిట్ట కోసం మెడలు నొప్పెట్టేదాకా చూశారు.

వెర్లే మాత్రం అంత తేలిగ్గా మోసపోయే రకం కాదు. తిరిగొచ్చేటప్పుడు పక్కన చేరి, "అటువైపు గూడుంది కదా?" అంది.

"లేదు."

"ఉంటే చూపిస్తారా?"

"చూపించను. మా అమ్మ లేచొచ్చి అడిగినా చూపించను."

అది పొగరు కాదు. మంచు మీద నడిచిన మనిషి తన దారిని దాచుకోలేడు. అడవిలో నాతా అని చెట్లెక్కి గూళ్ళు దోచే జంతువు ఉంది, ముంగిస ఒళ్ళు, పిల్లి ఆకలి. దానికీ నడుం లోతు మంచులో ఈదడం కష్టమే కాబట్టి మనుషులు జారిపోయిన స్కీల దారి కనపడితే హాయిగా దాని వెంటే పోతుంది. ఆ దారి ఒక చెట్టు దాకా వెళ్ళి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగిందనుకోండి, తలెత్తి చూడమని చెప్పినట్టే. గూటి దగ్గర ఆగిన దారి నాతాకి అడ్రసు రాసిచ్చిన శుభలేఖ. అందుకే హిల్కా ఎప్పుడైనా అనుకోకుండా గూడు చూసినా ఆగదు, తలెత్తదు. వేరే ఊరు పోతున్నదానిలా ముందుకే సాగిపోయి, ఎక్కడో దూరంగా రోడ్డెక్కుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క మనిషికి కూడా ఒక్క గూడు చూపించలేదు.

అతిథుల్ని బసలో దింపి మళ్ళీ ఒంటరిగా వెళ్ళింది. ఆ స్ప్రూస్‌ల మధ్యనుంచి ఆగకుండా స్కీల మీద జారిపోతూ కంటి కొసతో చూసింది. ఒక లావుపాటి చెట్టు మానుకి ఆనుకుని, ఇద్దరు మనుషుల ఎత్తులో గూడు. గూటి అంచున తుప్పురంగు తోక. ముందుకే సాగిపోయింది. పెదాల మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. అప్పుడు కనపడ్డాయి, చెట్లకి కట్టిన నారింజరంగు రిబ్బన్లు. ఒకదాని తర్వాత ఒకటి అడవి చుట్టూ కట్టుకుంటూ పోయారు. రిబ్బన్ల లోపలిదంతా కోతకే. గూడున్న చెట్టు ఆ లోపలే ఉంది. రోడ్డెక్కేసరికి, పక్కన మంచు చెక్కి చదును చేసిన చోట రైమో యంత్రం నిలబెట్టి ఉంది.

హిల్కా అక్కడే ఫోన్ తీసింది. అడవి సొంతదారు ఎక్కడో దక్షిణాన పట్నంలో ఉంటాడు. సంతకాలు అయిపోయాయి, దుంగలు అమ్ముడైపోయాయి. ఒక పిట్ట గూడుందని ఫోన్ చేస్తే, పాపం మంచివాడే, "అయ్యో" అన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు. మిగిలింది ఒకటే దారి. రూలు ప్రకారం కోసేవాడు అడవి మొత్తం బోడి చెయ్యకుండా ఒక గుంపు చెట్లు వదలాలి. అది ఎక్కడ వదలాలి, ఏ మూల నుంచి కొట్టుకురావాలి అన్నది యంత్రం నడిపేవాడి ఇష్టం. అంటే రైమో ఇష్టం.

శనివారం పొద్దున్నే వెళ్ళింది. రైమో వాకిట్లో కూర్చుని యంత్రం గొలుసుకి నూనె పెడుతున్నాడు. యాభై దాటినవాడు, తలుపంత మనిషి, పొట్ట మీద అంగీ గుండీ పట్టదు.

"ఏం పిన్నీ, దారి తప్పొచ్చావా?" అన్నాడు తలెత్తకుండానే.

"అడవిలో దారి తప్పడం మా వంశంలో లేదు. నీతో పనుంది."

"మూడేళ్ళ తర్వాత పనంటున్నావంటే... ఎవరు పోయారు?"

"ఇంకా ఎవరూ పోలేదు. ఎల్లుండి నువ్వు యంత్రం ఎక్కితే పోతారు," అని చెప్పింది, కూక్కెలి సంగతి, గుడ్ల సంగతి.

రైమో పకపకా నవ్వాడు. "గుడ్లా? ఈ మంచులోనా? పిన్నీ, నా మీద కోపముంటే తిట్టు, పడతాను. అంతేగాని చెవుల్లో పూలు పెట్టకు. యాభయ్యేళ్ళు ఈ అడవిలోనే ఉన్నా. మే నెల రాకుండా ఏ పిట్ట గుడ్లు పెట్టింది?"

"యాభయ్యేళ్ళు అడవిలో ఉన్నావా, అద్దాల గదిలో హీటరేసుకుని రేడియో వింటూ కూర్చున్నావా?"

"దారులు కరిగేలోపు పని అవ్వాలి. కరిగిందంటే యంత్రం బురదలో దిగబడుతుంది, మళ్ళీ చలికాలం దాకా లేవదు. ఒక్క పిట్ట కోసం అడవి ఆపమంటే ఎలా? కనీసం ఫొటో అయినా ఉందా?"

ఫొటో లేదు. ఉండదు కూడా. హిల్కా వాకిట్లో నిలబడి చాలాసేపు చేతి తొడుగులు పీక్కుంది, మళ్ళీ తొడుక్కుంది. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పని మాట ఆఖరికి ఆ నోటి నుంచే వచ్చింది. "రా. చూపిస్తా."

ఆవిడ స్కీల మీద ముందు వెళ్ళింది. రైమో వెనకాల బూట్లతోనే వచ్చాడు, అడుగడుక్కీ తొడల దాకా దిగబడుతూ, రొప్పుతూ, తిట్టుకుంటూ. దున్నపోతు నడిచినట్టు వెనకాల పెద్ద కాలవ పడుతోంది. చెట్టు దగ్గరికి వచ్చాక హిల్కా వేలెత్తి చూపించింది.

రైమో చూశాడు. ఆ తిట్టుకోవడం ఆగిపోయింది.

ఆడకూక్కెలి గూట్లో ఒళ్ళంతా బంతిలా పొంగించుకుని కూర్చుని ఉంది. గూటి అంచుల్లోంచి రెయిన్‌డీర్ వెంట్రుకలు, తెల్లటి ఈకలు బయటికొచ్చి ఉన్నాయి. దాని వీపు మీద మంచు పేరుకుని ఉంది. ఆ మంచు కరగడం లేదు, ఎందుకంటే లోపలి వెచ్చదనం ఒక్క పిసరు కూడా అది పైకి పోనివ్వడం లేదు, మొత్తం కిందికే, గుడ్లకే ఇస్తోంది. ఇద్దరు మనుషులు వచ్చి కింద నిలబడినా కదల్లేదు. కన్ను మాత్రం అప్పుడప్పుడు మూసి తెరుస్తోంది. అంతలో మగది వచ్చింది. పిట్టలు రెండూ చిన్నగా, పిల్లి మూలిగినట్టు, తమలో తాము ఏదో అనుకున్నాయి. మగది దాని నోట్లో తిండి పెట్టి వెళ్ళిపోయింది. ఆడది మళ్ళీ తల రెక్కల్లోకి లాక్కుంది. చుట్టూ అడవి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, రైమో ఊపిరి గడ్డకట్టి రాలడం కూడా వినిపించేట్టుంది.

"అమ్మ బాబోయ్," అన్నాడు రైమో గొంతు తగ్గించి. "అమ్మ బాబోయ్, పిన్నీ." తలుపంత మనిషి మెల్లగా మంచులో చతికిలబడిపోయాడు. "నేను... ఇట్లాంటివి ఎన్ని కూల్చుంటాను?" అన్నాడు.

ఈ ప్రశ్నకి హిల్కా దగ్గర మూడేళ్ళుగా జవాబు సిద్ధంగా ఉంది. పదును పెట్టి పెట్టి ఉంచుకుంది. ఇప్పుడు అతని మొహం చూస్తే అది నోటికి రాలేదు. "లేవరా, తడిసిపోతావు," అంది.

"అవతలి చివర నుంచి మొదలుపెడతాను. ఈ మూలకి ఆఖర్న వస్తా. వచ్చేసరికి దారి కరిగిపోయిందనుకో, నేనేం చెయ్యను? ఎండని ఆపమంటావా నన్ను?" అన్నాడు రైమో.

తిరిగొస్తూ ఇద్దరూ ఒకటే మాటలు. తాత సంగతులు, అక్కయ్య సంగతులు, ఆ రోజు సమాధి నుంచి వచ్చాక తాగిన కాఫీ సంగతి కూడా. "ఆ రోజు నా నాలిక తెగ్గొయ్యాల్సింది," అంది హిల్కా. "కొడవలి దొరకలేదు, లేకపోతే అదే పని చేసేవాణ్ణి," అన్నాడు రైమో. అడవి దాటేదాకా నవ్వుకున్నారు. ఆ సంతోషంలో, వచ్చిన దారినే, ఆ కాలవలోనే తిరిగొచ్చేశారు.

ఇంటికొచ్చి ఆవిరిస్నానానికి సౌనాలో కాగిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తూ ఉండగా తట్టింది హిల్కాకి. రోడ్డు నుంచి సరిగ్గా చెట్టు దాకా, గుడ్డివాడైనా తడుముకుంటూ పోగలిగినంత కాలవ తవ్వారు. చెట్టు కింద ఆగారు. కూర్చున్నారు. వెనక్కి తిరిగారు. ఊళ్ళో అందరికీ నీతులు చెప్పే మనిషి, యంత్రం నుంచి కాపాడి నాతా నోటికి అందించి వచ్చింది.

ఆదివారం ఆకాశంలో మబ్బు తునక లేదు. మంచు పడే సూచనే లేదు. రోజూ పిట్టల కోసం తెల్లటి ఎండ కావాలని కోరుకునే హిల్కా ఆ రోజు ఆ కాలవ పూడిపోయేలా మంచు కురవాలని కనపడ్డ దేవుళ్ళందరికీ మొక్కింది. పోనీ వెళ్దామంటే కొత్త అతిథులు విమానం దిగుతున్నారు, పొద్దుగుంకే దాకా వాళ్ళతోనే ఉండాలి. విమానాశ్రయంలో నిలబడి రైమోకి ఫోన్ చేసి ఎడాపెడా వాయించింది.

"దున్నపోతులా నడిచావు కదరా! నాతాకి రాజమార్గం వేసిచ్చావు!"

"నన్నంటావేం? తీసుకెళ్ళింది నువ్వేగా!"

"నేనే! నా బుద్ధి గడ్డి తింది! గూటి కింద ఆగకూడదు, తలెత్తకూడదు, ముందుకే పోవాలి. పిల్లకి కూడా తెలిసిన సంగతి, నాకు నిన్ననే గుర్తు లేకుండా పోయింది!"

"అంటే, దారి అక్కడికెళ్ళి ఆగిపోవడమేనా తప్పు?" అన్నాడు రైమో.

"అదే తప్పు! ఇంకేం కావాలి?"

ఫోన్ పెట్టేశాడు. "చేసిందంతా చేసి, చేతులు దులుపుకున్నాడు వెధవ," అని హిల్కా పళ్ళు నూరుకుంది. సూట్‌కేసుతో ఎదురొచ్చిన అతిథి తననే అనుకుని బెదిరిపోయాడు.

సోమవారం తెల్లారగానే అతిథుల్ని కాఫీ దగ్గర వదిలేసి బయల్దేరింది. దూరంగా అవతలి చివర నుంచి యంత్రం చప్పుడు వినిపిస్తోంది. సరే, ఆ మాటైతే నిలబెట్టుకున్నాడు. రోడ్డు దిగి అడవి అంచుకి వచ్చేసరికి హిల్కా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అడవి నిండా దారులు. ఒకటి కాదు, రెండు కాదు, ఎటు చూస్తే అటు. రోడ్డు మీద పదిచోట్ల నుంచి మొదలై లోపలికి పోతున్నాయి. ఒకదాన్నొకటి దాటుతున్నాయి, మెలికలు తిరుగుతున్నాయి, సరస్సు వైపు కొన్ని, గుట్ట వైపు కొన్ని. ముగ్గు రాని పిల్ల వాకిలంతా గీసినట్టుంది. గీతలు వెడల్పుగా ఉన్నాయి, పాతకాలం చెక్క స్కీలవి. ఆ వెడల్పు హిల్కాకి తెలుసు. అవి అక్కయ్య స్కీలు.

రైమో స్కీల మీద నిలబడి ఇరవయ్యేళ్ళయి ఉంటుంది. ప్రతి దారిలోనూ అతను పడ్డ గుంటలున్నాయి, ఎలుగుబంటి పొర్లినట్టు. ఒకచోట వెల్లకిలా పడ్డాడు, ఒకచోట మొహం మంచులో పెట్టాడు, మీసంతో సహా అచ్చు పడింది. ఒకచోట చెట్టుని కావిలించుకున్నాడు. లేవడానికి చేతులు ఆనించిన చోట్లన్నీ మోచేతుల దాకా రంధ్రాలు. హిల్కాకి నవ్వొచ్చింది, కళ్ళు మసకలు కమ్మాయి, ఏది ముందో ఆవిడకే తెలియలేదు.

నాతా వచ్చిన గుర్తు కూడా దొరికింది. జంట అడుగులు కాలవ వెంటే చక్కగా లోపలికి పోయాయి. మొదటి కూడలి దగ్గర ఆగింది. రెండో కూడలి దగ్గర గుండ్రంగా తిరిగింది. తర్వాత సరస్సు వైపు దారి పట్టి, గడ్డకట్టిన నీళ్ళ మీదుగా అవతలి ఒడ్డుకి పోయింది.

శనివారం నాటి కాలవ ఇప్పుడు చెట్టు కింద ఆగడం లేదు. చెట్టుని దాటుకుని గుట్ట మీదికి సాగిపోయింది. హిల్కా ఆ దారిలోనే, ఎక్కడికో పోతున్నదానిలా, ఆగకుండా స్కీల మీద జారింది. చెట్టుకి ఇవతల కాస్త దూరంలో రైమో పడ్డాడు. చెట్టు దాటాక కొంచెం దూరంలో మళ్ళీ పడ్డాడు. మధ్యలో మాత్రం రెండు గీతలు, నూలు పట్టి గీసినట్టు. అలాంటివి చెట్టు పక్కనుంచి ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ అంతే. హిల్కా కంటి కొసతో పైకి చూసింది. గూటి అంచున తుప్పురంగు తోక ఉంది.

అవతలి చివరికి వచ్చేసరికి యంత్రం పని చేస్తోంది. ఆవిణ్ణి చూసి రైమో ఆపాడు. తలుపు తీశాడుగాని దిగలేదు. దిగలేడని తెలిసిపోతూనే ఉంది. నడుం కింద దిండు పెట్టుకుని కూర్చున్నాడు, ముక్కు మీద చర్మం లేచిపోయింది.

"నేనేం చెయ్యలేదు," అన్నాడు ముందే. "డాక్టరు నడవమన్నాడు."

"అడవంతా దున్నమన్నాడా?"

"బరువు తగ్గాలన్నాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పకు పిన్నీ, నీకు పుణ్యముంటుంది. నేను స్కీలెక్కానంటే వేసవి దాకా నవ్వుతారు."

"అక్కయ్య స్కీలేనా?"

"అవే. ఒకటి విరిగింది," అని రైమో చేతి తొడుగుల కేసి చూసుకున్నాడు. ఆఖరికి అడిగాడు. "పిన్నీ, అది ఇంకా ఉందా?"

హిల్కాకి ముందు అర్థం కాలేదు. "ఏమిట్రా, నిన్న పొద్దంతా దాని కిందే తిరిగావు కదా! నువ్వు చూడలేదా?"

"తలెత్తకూడదన్నావుగా."

"ఒక్కసారి కూడానా?"

"చూస్తే ఆగిపోతానని భయమేసింది."

హిల్కా యంత్రం మెట్టెక్కి, చెయ్యి చాచి, చర్మం లేచిన ఆ ముక్కు కింద కారుతున్న నీళ్ళు తన తొడుగుతో తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే.

"ఉందిరా," అంది. "కూర్చునే ఉంది. వీపు మీద మంచు కూడా దులుపుకోలేదు."

రైమో తలూపి తలుపేసుకున్నాడు. యంత్రం గూడున్న మూలకి వీపు పెట్టి, మెల్లగా అవతలి వైపుకి తిరిగింది.